కొండచీపురు, విలాసనౌక

రంపచోడవరమునకు సముద్రము లేదు. సీతపల్లి వాగు కలదు. భూపతిపాలెము జలాశయము కలదు. దేవీపట్నము దిక్కున గండిపోచమ్మ గుడి నొరసికొనుచు సాగు గోదావరి కలదు. ఉప్పునీరు చూడగోరువాడు మాత్రము కాకినాడ దారి పట్టవలసినదే. అట్టి యూర, కొండలనుండి చింతపండును జీడిపిక్కలును చీపురుకట్టలును దిగు సంతదారిలో, ఒక టీకొట్టు గోడమీద మొన్న నొక యుదయమున ఇరువది యంతస్తుల తెల్లనియోడ లంగరు వేసినది. కాగితపుటోడయే యైనను, దానిముందు గుమిగూడిన పడుచువాండ్ర కన్నులలో నిజమైన సముద్రమే తళుకుమన్నది. "విలాస నౌకల్లో హౌస్‌కీపింగ్, మెయింటెనెన్స్ ఉద్యోగాలు! పది పాసైతే చాలు! జీతం తీసుకుంటూ ప్రపంచం చుట్టి రండి!" అని ఎఱ్ఱని యక్షరములు, వాని క్రింద శిక్షణరుసుము సంగతి, చీమలకు మాత్రమే చదువ వీలగు పరిమాణమున.

ఈ ప్రకటనకర్తల దూరదృష్టికి జోహారు లర్పింపక తప్పదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యమున కొను అటవీఫలసాయములలో కొండచీపు రొకటి. చీపురు దేశములు పట్టిపోవుచుండగా దానిని పట్టవలసిన చేయి మాత్రము కొండలోనే మిగిలిపోవుట ఎంతటి యార్థికలోపమో ఇన్నాళ్లు ఎవరికిని తోచలేదు, ఇప్పటికి తోచినది. ఇకమీద రెండును కలిసియే యెగుమతి యగును.

మన పెద్దలు బిడ్డ పుట్టినప్పుడే బారసాల చేయుదురు. ఈ మహనీయులు పనికి కూడ బారసాల చేయుచున్నారు. మరుగుదొడ్డి కడుగువాడు వీరి గోడపత్రికలో 'హైజీన్ ఎగ్జిక్యూటివ్'. అంట్లు తోమువాడు 'కలినరీ సపోర్ట్ అసోసియేట్'. త్రుప్పు గీకువాడు 'మెరైన్ టెక్నీషియన్'. చిత్రమేమనగా, ఓడలవారు స్వయముగా ఇంతటి కవులు కారు. యంత్రశాలలో చమురుమరకలు తుడుచు అట్టడుగు నౌకరును వారు తరతరములుగా 'వైపర్' అనియే, అనగా తుడుచువాడనియే, నిర్మొగమాటముగ పిలుచుచున్నారు. సముద్రము మీద దొరకు నిజము నేలమీదికి వచ్చునప్పటికి అలంకారశాస్త్రమున పడి మునిగిపోవుచున్నది.

ఇక ప్రపంచయాత్ర. 2024 జనవరిలో తొలి విహారమునకు బయలుదేరిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అను మహానౌక 365 మీటర్ల పొడవు, ఇరువది యంతస్తుల యెత్తు గలది. ఏడువేలకు పైబడిన యాత్రికులను మోయగలది. వారిని సేవించుటకు రెండువేల మూడువందలకు పైగా సిబ్బంది. యాత్రికుడు పై యంతస్తున వసారాలో కూర్చుండి సూర్యాస్తమయమును చూచును. ఆతని గది నూడ్చువాడు నీటిమట్టమునకు సమీపమున, పెక్కుచోట్ల దానికి దిగువన, కిటికీ లేని యరలో, ఒకనిపైనొకడు పడుకొను మంచముమీద, అదే సూర్యు డస్తమించెనని గడియారము చూచి తెలిసికొనును. గదిపనివానికి పెక్కు గదులు. ఒక్కొక్కదానికి ప్రతిదినమును సేవ. విహారము ముగిసిన దినమున ప్రొద్దుట వేలమంది దిగుదురు, మధ్యాహ్నమునకే వేలమంది యెక్కుదురు. నడుమనున్న కొద్దిగంటలలో ఓడలోని ప్రతి పక్కయు, ప్రతి యద్దమును, ప్రతి కుళాయియు ఎవరును తాకనట్లు నిగనిగలాడవలెను. ఓడ నిలిచినది ఏ దేశపు రేవో, ఆనాడు ఆతనికి దుప్పటిమడతలలో తెలియవలసినదే. తీరిక చిక్కిన నాడు రేవున దిగి ఇంటికి ఫోను చేసికొని వచ్చుటయు కలదు; దానిని ప్రపంచయాత్ర యన్నచో, మా ఊరి బస్సు కండక్టరు దేశాటకులలో అగ్రగణ్యుడు.

మెయింటెనెన్సువాని వైభవము వేరు. ఉప్పుగాలి ఇనుమును రాత్రింబవళ్లు తినుచుండును. ఇతడు చిన్నసుత్తితో త్రుప్పు రాల్చి, గీకి, రంగు పూయుచుండును. ఓడ ముక్కున మొదలిడిన పని తోకకు చేరునప్పటికి ముక్కున మరల త్రుప్పు పుట్టును. యాత్రికులు మేల్కొనకమున్నే పైతట్టును కడిగి, ఆ కడిగిన జాడ కూడ కనబడకుండ తుడిచి తప్పుకొనవలెను. ఏలయన, విలాసమనగా శ్రమ జరుగుటయే గాని శ్రమ కనబడుట కాదు.

2020 ఫిబ్రవరిలో జపానుదేశపు యొకొహామా రేవున, అంటువ్యాధి సోకిన 'డైమండ్ ప్రిన్సెస్' నౌకను నిర్బంధించినప్పుడు ఈ శాస్త్రము ప్రపంచమునకంతకును బోధపడినది. ఓడలో 3,711 మంది. యాత్రికులు గది తలుపులు మూసికొని కూర్చుండిరి. ఆ తలుపులకడకు భోజనపు పళ్లెరములు మోయుచు, తిరిగి తమ ఇరుకుటరలలో నొకరి యూపిరి నొకరు పీల్చుచు నుండినది సిబ్బంది. అందు మన దేశస్థులు నూటముప్పదికి పైగా. వ్యాధి సోకినవారి లెక్క ఏడువందలు దాటినది. నిర్బంధమున కూడ రెండు తరగతులు గలవని వారు ఉచితముగనే చూచివచ్చిరి.

ధర్మశాస్త్రము లేకపోలేదు. 2006 నాటి సముద్రశ్రామిక ఒడంబడికను మన దేశము 2015లో అంగీకరించినది. విశ్రాంతిని బట్టి లెక్కకట్టుచోట, 24 గంటలలో 10 గంటలకు, వారమునకు 77 గంటలకు విశ్రాంతి తగ్గరాదని దాని శాసనము. వారమునకు 168 గంటలు గదా. మిగిలిన 91 గంటల సంగతి ప్రకటనకర్తలు గోడమీద వ్రాయ మరచిరి. అదే యొడంబడిక మరియొక మాట కూడ పలికినది: ఉద్యోగము చూపినందుకు నావికునియొద్ద పైకము పుచ్చుకొనరాదు, పాసుపోర్టు, వైద్యపత్రము, నావికుని గుర్తింపు పుస్తకము వంటివాని ఖర్చు తక్క తక్కినది ఆతనిది కాదు, వీసా ఖర్చు సైతము ఓడయజమానిదే. ప్రాణరక్షణ, అగ్నినిరోధము, ప్రథమచికిత్స మున్నగు ప్రాథమికశిక్షణకు, నౌకాయాన డైరెక్టరేటు ఆమోదించిన సంస్థలలో రుసుము చెల్లింపవలసియుండుట నిజమే. కాని ఉద్యోగమునకు పుచ్చుకొనరాని పైకమును శిక్షణయను చెంబులో పోసి పుచ్చుకొన్నచో అది తీర్థ మగునని కనిపెట్టినవాడు మాత్రము సామాన్యుడు కాడు.

"కొండవాళ్లకు ఉద్యోగాలు చూపిస్తుంటే ఏడుపెందుకండీ?" అని యొక పెద్దమనిషి నన్ను మందలించెను. నిజమే. ఏజెన్సీ పాఠశాలలలో ఉపాధ్యాయోద్యోగములు నూటికి నూరును స్థానిక గిరిజనులకే యని 2000లో వెలువడిన 3వ నంబరు ప్రభుత్వోత్తరువు 2020 ఏప్రిలులో సుప్రీముకోర్టున కొట్టివేయబడినది. తన కొండలో తన పిల్లలకు అక్షరము నేర్పు పని నూటికి నూరుపాళ్లు కోరుట అత్యాశ యైన చదువరికి, ఎవరి సముద్రముననో ఎవరి స్నానపుగదియో కడుగు పని నూటికి నూరుపాళ్లు ప్రత్యేకింపబడియున్నది. ఆ కోటాను ఏ న్యాయస్థానమున ఎవ్వరును సవాలు చేయరు.

నేను తుడుచు పనిని తూలనాడుట లేదు. 2019 సెప్టెంబరు 15న, డెబ్బదిమందికి పైగా నెక్కిన 'రాయల్ వశిష్ఠ' పడవ మా కచ్చులూరు మందమున మునిగినప్పుడు, నెల దాటిన పిమ్మట అక్టోబరు 22న దానిని గోదావరి గర్భమునుండి లాగినవారు కాకినాడనుండి వచ్చిన ధర్మాడి సత్యం బృందమువారు. ఇనుపత్రాడు పట్టిన చేతులు. వారి హోదా యేమని ఒడ్డున నిలిచిన యే తల్లియు అడుగలేదు. పని మురికిది కాదు. దానికి పూసిన సున్నము మురికిది.

ఆ టీకొట్టునకే నిన్న, విశాఖలో రెండుదినముల పరిచయతరగతికి పోయివచ్చిన కుఱ్ఱవా డొకడు వచ్చెను. ఓడగదులలో యాత్రికుల వినోదార్థము తువ్వాళ్లతో జంతువులు చేసి పక్కమీద నుంచుట యొక విద్యయట. కొట్టువాని తువ్వాలు తీసికొని, చుట్టి, మడిచి, ముడివేసి, క్షణములో కోతిని చేసి బల్లమీద కూర్చుండబెట్టెను. అందరము మెచ్చుకొంటిమి. కొట్టు వాకిలి యూడ్చుచున్న ముసలామె చీపురు ఆపి చూచినది.

"ఓడలో కూడా ఊడ్పేనా బాబూ?"

"ఊడ్పే మామ్మా. హౌస్‌కీపింగంటారు."

"జీతమెంతిస్తారు?"

"బాగానే ఇస్తారంట. ముందు మనం కట్టాలి."

"మనం కట్టడమేంటి?" ఆమె నడుము నిటారుగ చేసికొన్నది. "నలభయ్యేళ్లు ఊడ్చాను. తక్కువిచ్చినోళ్లున్నారు, ఎగ్గొట్టినోళ్లున్నారు. చీపురు పట్టుకోడానికి నన్నే డబ్బులడిగినోణ్ణి మాత్రం నేనెరగను బాబూ."

కుఱ్ఱవాడు గోడవైపు చూచెను. బల్లమీద ఎవరో టీ ఒలికించిరి. ముసలామె కోతిని చెవిపట్టి యెత్తి ఒక్క విదిలింపు విదిలించినది. అది మరల తువ్వాలైనది. దానితో ఆమె బల్ల తుడిచినది.