మంచు చూడని తాడు: ఒక జీవితకథ

కోలారు జిల్లా గౌనిపల్లి పరిసరాల్లో తాళ్ల వంశానికి పాత చరిత్రే ఉంది. ఎడ్లతో కపిల తోలిన రోజుల్లో బావిలోంచి బానను పైకి తెచ్చిన మోకు ఆ వంశంలో పెద్దది కాగా, కోలారు బంగారు గనుల్లో మనుషులను భూగర్భంలోకి దింపిన ఉక్కుతాడు, 3 కిలోమీటర్ల పైబడిన లోతుకు చేరిన ఆ గనులు 2001లో మూతపడేదాకా, అదే జిల్లాలో కొలువు చేసింది. శ్రీనివాసపురం తాలూకాలోని ఈ ఊళ్లో, ఒక మామిడి రైతు ఇంటి అటకమీద గుడ్డసంచిలో కాలం గడిపి, ఈ కథలోని తాడు ఆ రెండింటికీ దూరపు చుట్టం. కొండ ఎక్కే మనిషిని పైకి లాగడం దీని పని కాదు, పట్టు తప్పినప్పుడు ఆపడమే దీని ఉద్యోగం.

దీని జాతిని కెర్న్‌మాంటిల్ అంటారు. లోపల బరువు మోసే నైలాన్ పోగుల గర్భం, దానిమీద రాపిడిని భరించే అల్లిక తొడుగు ఉండటమే ఆ మాటకు అర్థం. పడిన మనిషి నడుము విరగకుండా సాగి, కుదుపును మింగే ఇలాంటి తాడును డైనమిక్ తాడు అంటారు. 80 కిలోల బరువును కట్టి పదేపదే జారవిడిచినప్పుడు, ఒంటిగా వాడే తాడు కనీసం 5 సార్లు తెగకుండా నిలవాలనీ, మొదటిసారి పుట్టే కుదుపు 12 కిలోన్యూటన్లు మించరాదనీ అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశిస్తుంది.

అయితే కర్మాగారంలో నెగ్గిన పరీక్ష కోలారు అంతరగంగె కొండరాళ్ల మీద ఒక్క పూట కూడా చాలదు. సాధనకు ముందు ప్రతిసారీ ఈ తాడును కొసనుంచి కొసదాకా వేళ్ల మధ్య జార్చి, ఎక్కడైనా మెత్తబడిందా, చదునైందా, తొడుగు పీచు లేచిందా అని తడిమి చూసేవారు. తొక్కితే ఇసుక గర్భంలోకి దిగి పోగులను కోస్తుంది కనుక దానిమీద కాలు పడనిచ్చేవారు కాదు. బ్యాటరీ ఆమ్లం నైలాన్‌ను కంటికి కనబడకుండా తినేస్తుంది కనుక ట్రాక్టరు కొట్టంలో పెట్టేవారు కాదు. ఒక ఉదయం ఒక కుర్రవాడు హార్నెస్‌కు, అంటే నడుముకూ తొడలకూ బిగించే పట్టీకి, ఎనిమిది అంకె ఆకారపు ముడిని సగమే వేసి రాతిమీద చేయి పెట్టగా, కింద తాడు పట్టిన తోటివాడు అలవాటుగా ముడిని చూసి అతణ్ని ఆపాడు. ఆ రోజు ఎవరూ పడలేదు. తాడు వాడకాన్ని వరుసగా రాసుకునే పుస్తకంలో తేదీ తప్ప మరేమీ చేరలేదు.

ఇలాంటి ఖాళీ వరుసల విలువ తెలంగాణలోని భువనగిరి ఏకశిల దగ్గర తెలుస్తుంది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపునుంచి 8,848 మీటర్ల ఎవరెస్టును ఎక్కినప్పుడు పూర్ణకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. కానీ ఆ రోజుకు ముందు భువనగిరి రాయి, డార్జిలింగ్ శిక్షణ, లద్దాఖ్ చలి వరుసగా వచ్చాయి. ఆ క్రమానికి శరీరశాస్త్రంలోనే కారణముంది. శిఖరంమీద కూడా గాలిలో ఆక్సిజన్ పాలు సుమారు 21 శాతమే అయినా, వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడో వంతుకు పడిపోవడంతో ప్రతి శ్వాసకూ అందేది తగ్గుతుంది. ఆ కొరతకు ఒళ్లు మెల్లగా అలవాటుపడటాన్ని అక్లిమటైజేషన్ అంటారు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకుండా, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఆగాలన్న నియమం అందుకే పుట్టింది. ఆ నియమాన్ని కండబలంతో దాటబోయినవారికి తలనొప్పి, వాంతులు మొదలై, మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరే ప్రాణాపాయం కూడా కలగవచ్చు.

ఈ తాడు మాత్రం కోలారు గట్టు దాటలేదు, మంచు చూడలేదు. వాడినా వాడకపోయినా నైలాన్‌కు వయసు మీదపడుతుంది కనుక, పదేళ్లు నిండేలోపే పుస్తకంలో చివరి వరుస రాసి దీన్ని కొలువునుంచి తప్పించారు. నిండుగా కనబడే పాత తాడును తెలియక ఎవరైనా నమ్ముతారేమోనని ముక్కలుగా కోశారు. రెండు మీటర్ల ముక్క ఒకటి గౌనిపల్లి ఇంటి వసారా స్తంభానికి మిగిలింది. మంచుకొండల పైన చీకట్లో, మందపాటి చేతితొడుగులతో, మొద్దుబారిన వేళ్లతో వేయవలసిన ముడిని ఇక్కడ మామిడి చెట్ల నీడలో కళ్లు మూసుకుని వేయడం నేర్చుకునేవారి చేతుల్లో ఆ ముక్క రోజూ ముడిపడుతూ, విడిపోతూ ఉంటుంది.