గాలికి పోయే డీజిల్ కృష్ణార్పణం

బాలీ పాతబడింది. మాల్దీవులకు పక్కింటివాళ్ళు కూడా వెళ్ళొస్తున్నారు కనుక ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం నామోషీ. ఐస్‌లాండ్ లావా ముందు ఫొటో దిగినవాళ్ళకి లెక్కే లేదు. అందుచేత ఈ సీజన్‌కి భూగోళంలో మిగిలిన గొప్పదనమల్లా అట్లాంటిక్ నడిమధ్య, అగ్నిపర్వతాలు పైకి నెట్టిన గుట్టల చుట్టూ, తెరచాప పడవలో ఒక దీవి నుంచి ఇంకో దీవికి తిరిగి రావడం. ఆ బ్రోషర్లూ ఆ రీళ్ళూ మీరు చూసే ఉంటారు, వర్ణించే శ్రమ నాకు తప్పింది. అన్నిటి కిందా అవే మూడు మాటలు: గాలితోనే ప్రయాణం, మనిషి అడుగు పడని చోటు, మిమ్మల్ని మీరు కనుక్కోవడం. మూడోదాని జోలికి పోను. పోగొట్టుకున్నవాడు వెతుక్కుంటాడు, ఇంట్లో పారేసుకున్నదాన్ని అట్లాంటిక్‌లో వెతక్కూడదని చట్టమేమీ లేదు. మొదటి రెండూ మాత్రం అబద్ధాలు. మొదటిది నవ్వొచ్చే అబద్ధం. రెండోదానికి నవ్వు రాదు.

ముందు ఆ గాలి సంగతి. ఈ బ్రోషర్లలో తరచు కనబడే అజోర్స్‌నే తీసుకోండి. పోర్చుగల్‌కి చెందిన తొమ్మిది దీవులు, లిస్బన్‌కి పడమరగా సుమారు 1,450 కిలోమీటర్ల దూరం. ఉత్తర అట్లాంటిక్ మీద బైఠాయించే అధిక పీడన మండలానికి వాతావరణ శాస్త్రం ఈ దీవుల పేరే పెట్టింది. వేసవి వచ్చేసరికి అది బలపడి దీవుల చుట్టుపక్కలే తిష్ఠ వేస్తుంది. అధిక పీడనం నడిబొడ్డున ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నీళ్ళు నున్నగా ఉంటాయి, గాలే సరిగా ఉండదు. కరీబియన్ నుంచి యూరప్‌కి సొంత పడవల్లో వచ్చే నావికులు సైతం ఈ ప్రాంతం చేరేసరికి తరచు చాప దించి, ఇంజన్ వేసి, ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూసుకుంటారు. గాలి పుష్కలంగా దొరికేది చలికాలంలో, తుపానులతో కలిపి. అప్పుడు బ్రోషర్ రాదు. అంటే తెరచాప విహారాన్ని సరిగ్గా గాలి సెలవులో ఉండే నెలలు చూసి అమ్ముతున్నారు. కొనేవాడికి గాలితో పనిలేదు, గాలి ఉన్నట్టు కనిపించే ఫొటో చాలు. ఆ ఫొటో కోసం చాప ఎత్తుతారు. ఊరేగింపులో పట్టే గొడుగు లాంటిది ఆ చాప: ఎండ ఆపదు, వాన ఆపదు, దాని కింద ఉన్నాయన దొరగారని మాత్రం ఊరికి తెలుస్తుంది.

పోనీ గాలి వీచిందే అనుకుందాం. అజోర్స్‌లోనే సావో మిగెల్ నుంచి తెర్సైరాకి 160 కిలోమీటర్ల పైమాటే. ఫయాల్ నుంచి ఫ్లోరెస్‌కి దాదాపు 240. మామూలు తెరచాప పడవ మంచి గాలి దొరికితే గంటకు పది పదకొండు కిలోమీటర్లు పోతుంది. అంటే బ్రోషర్‌లో రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోయే ఆ ముక్క నీళ్ళు దాటడానికి ఒకచోట పదిహేను గంటలు, ఇంకోచోట పగలూ రాత్రీ పడుతుంది. డార్విన్ అంతటివాడు ఇదే అట్లాంటిక్ మీదుగా 1832 జనవరిలో కేప్ వర్దె దీవుల్లో దిగాడు. ఓడ మీద ఉన్నంతకాలం కడుపులో తిప్పుతూనే ఉందని తనే రాసుకున్నాడు. ఆయనకి రిటర్న్ టికెట్ తొందర లేదు. మన విహారికి ఉంది. శనివారం పడవ అప్పగించాలి, ఆదివారం విమానం ఎక్కాలి, సోమవారం మీటింగ్. ఈ సంగతి గాలికి ఎవరూ చెప్పలేదు కనుక స్కిప్పర్ తాళం తిప్పుతాడు, డీజిల్ ఇంజన్ దడదడమంటుంది. లంగరేసి నిలబడ్డాక కూడా పని ఉంటుంది: ఫ్రిజ్ నడవాలి, బ్యాటరీలు నిండాలి, ఉప్పునీరు మంచినీరై స్నానాల గదికి రావాలి. బ్రోషర్ రాసినవాడికి ఆ చప్పుడు ఎలా వినపడలేదో తెలియదు.

ఇంకా ఆ పడవ దాకా చేరడం ఉంది కదా. గాలితో ప్రయాణం చేసి భూమికి మేలు చేస్తున్నానని మురిసిపోయే మనిషి హైదరాబాద్‌లో బయల్దేరితే లిస్బన్ మీదుగా అజోర్స్‌కి పోయి రావడానికి వేలెడు తక్కువ 20 వేల కిలోమీటర్లని మొహమాటానికి అందాం, నిజానికి కాస్త ఎక్కువే. ఎకానమీ సీటుకి కిలోమీటరుకి వంద గ్రాముల లోపే వేసుకున్నా రెండు టన్నుల దగ్గరికి కార్బన్ డయాక్సైడ్ లెక్క తేలుతుంది. సగటు భారతీయుడి పేరు మీద ఏడాది మొత్తానికి పడేది ఇంచుమించు అంతే. ఏడాది వాటా రానూపోనూ ఆకాశంలో తగలేసి, మధ్యలో వారం రోజులు చాప కింద కూచుని ప్రకృతికి నమస్కారం పెట్టడం! గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నవాడి దగ్గర కనీసం పిండి ఉంది. వెళ్ళవద్దని అనడం లేదు. విమానం ఎక్కే హక్కు అందరికీ ఉంది. ఎక్కి దిగాక పుణ్యం లెక్క చెప్పవద్దంటున్నాను.

ఫయాల్ దీవిలో హోర్తా రేవు ఉంది. మహాసముద్రం దాటి వచ్చిన పడవవాళ్ళు అక్కడి కాంక్రీటు గోడ మీద తమ గుర్తు గీసి వెళ్ళడం ఆచారం. పడవ పేరు, సంవత్సరం, ఓ జెండా, వెంట ఉన్నవాళ్ళ పేర్లు, ఎక్కడో ఓ వంకర తిమింగలం. ఎండకీ ఉప్పుగాలికీ పాతవి పెళుసుబారి రాలుతుంటాయి, వాటి మీదే కొత్తవి వేస్తారు. గీయకుండా లంగరెత్తితే కీడు జరుగుతుందని నమ్మకం. వారాల తరబడి నీళ్ళు తప్ప ఏమీ చూడకుండా వచ్చినవాడు గోడ మీద నాలుగు అక్షరాలు రాసుకుంటే ఆ గోడకే అందం. ఎదురుగా ఉన్న పికో దీవి నుంచి ఎనిమిది కిలోమీటర్లు వచ్చినవాడు, పడవ కంపెనీది, చుక్కాని స్కిప్పర్‌ది, తనది క్రెడిట్ కార్డు మాత్రమే అయినవాడు అదే గోడకి కుంచె పట్టుకుని బయల్దేరితే, కీడు గోడకే.

మిగతావి ముక్తసరిగా. ప్రపంచంతో తెగతెంపులు చేసుకున్నామన్న ప్రకటన ఉపగ్రహం ద్వారా ప్రతి సాయంత్రం అప్‌లోడ్ అవుతుంది. సావో మిగెల్‌లోని ఫుర్నాస్‌లో కుండని వేడి నేలలో పూడ్చి ఐదారు గంటలు ఉడికించే కూర బాగుంటుందట, ఉంటే ఉండనీయండి, దానికి ఆధ్యాత్మికత ఎందుకు? కొర్వో దీవిలో నాలుగు వందల మంది దాకా జనం ఉన్నారు. వాళ్ళకి పనులుంటాయి, ఎదురుపడ్డ ప్రతివాడూ మీకు సరళ జీవనం నేర్పే ఋషి కాడు.

ఇప్పుడు రెండో అబద్ధం. 2021 సెప్టెంబర్ 19న కానరీ దీవుల్లోని లా పాల్మాలో అగ్నిపర్వతం పగిలింది. మర్నాడే స్పెయిన్ పర్యాటక మంత్రి రెయెస్ మరోతో దీన్ని టూరిస్టులను రప్పించే ఆకర్షణగా వాడుకోవచ్చని మాట్లాడారు. అప్పటికి ఇళ్ళు కాలుతున్నాయి. తిట్లు పడ్డాక మాట సర్దుకున్నారు. లావా 85 రోజులు పారింది, వేల మంది ఇళ్ళు విడిచి పోయారు. మంత్రి నోరు జారి అన్నదాన్నే ఇవాళ బ్రోషర్లు నిలకడగా, నిగనిగలాడే కాగితం మీద అంటున్నాయి. మనిషి అడుగు పడని చోటట! అడుగులు పడ్డాయి. వాటిని బూడిద కప్పింది. 1957 సెప్టెంబర్‌లో ఫయాల్ పడమటి కొసన కపెలిన్యోస్ అగ్నిపర్వతం సముద్రంలో పేలి పదమూడు నెలలు కక్కింది. ఇళ్ళ కప్పులు బూడిద బరువుకి కూలాయి, పొలాలు పోయాయి. 1958లో అమెరికా ప్రత్యేకంగా శరణార్థి చట్టం చేసింది, అప్పటి సెనేటర్లు జాన్ కెనెడీ, జాన్ పాస్టోరే దాని వెనక ఉన్నారు. తలుపు తెరిచారు, వేలమంది వెళ్ళిపోయారు, మాసచూసెట్స్ మిల్లుల ఊళ్ళకి చేరారు. కేప్ వర్దెలో 1940లలో వానలు లేక, పాలకులకు పట్టక, ఆకలితో వేలకి వేలు చచ్చారు. అక్కడే ఫోగో దీవిలో 2014 నవంబర్‌లో మళ్ళీ కొండ బద్దలై పోర్తెలా, బంగైరా అనే రెండు ఊళ్ళని లావా మింగింది. ఈ దీవుల్లో మీరు ఇంత డబ్బు పోసి కొనే నిశ్శబ్దం ఎక్కడిదనుకున్నారు? ఉండలేక పోయినవాళ్ళ గొంతులు లేకపోవడమే అది. ఎవరి వలసనో, ఎవరి కరువునో ఏకాంతం అని పేరు పెట్టి రాత్రికి ఇంతని అద్దెకిస్తున్నారు.

ఈ సముద్రం ఖాళీగా కూడా లేదు. బ్రోషర్ పడవలకంటే చాలా ఎక్కువమంది ఇదే నీళ్ళ మీద ఒక తీరం నుంచి ఇంకో తీరానికి తిరుగుతున్నారు, రంగులేసిన చెక్క చేపల పడవల్లో, పడవకి వంద మంది. 2024లో ఆఫ్రికా తీరం నుంచి కానరీ దీవులకు సముద్రం మీద వచ్చినవాళ్ళు 46,800 మందికి పైగా. ఆ దీవుల్లోనే పదకొండు వేల జనాభా ఉన్న ఎల్ హియర్రోకి ఆ ఒక్క ఏడాది దాని జనాభాకి మించి మనుషులు వచ్చి దిగారు. 2023 జులైలో సెనెగల్‌లోని ఫాస్ బోయ్ అనే జాలరుల ఊరి నుంచి నూరుమందితో ఒక పడవ బయల్దేరింది. దారి తప్పింది, ఇంధనం అయిపోయింది. ఆగస్టు నడిమికి కేప్ వర్దె దగ్గర ఒక స్పెయిన్ చేపల ఓడ కంటపడేసరికి ప్రాణాలతో ఉన్నవాళ్ళు 38 మంది. నెల రోజులకు పైగా ఎక్కడా తీరం లేదు, సిగ్నల్ లేదు, దయగల గాలి లేదు. బ్రోషర్ వాగ్దానం చేసిన అనుభవం మొత్తం వాళ్ళకి దక్కింది. వాళ్ళ దగ్గర లేనిది పాస్‌పోర్టు మీద ఒక ముద్ర. అది ఉంటే విహారి, లేకపోతే చొరబాటుదారు. ఈ తేడా తెలిసి కూడా ఆ నీళ్ళ మీద స్వేచ్ఛ గురించి క్యాప్షన్ రాయగలిగినవాడి తోలు మందాన్ని ఒప్పుకోవాలి.

పర్యాటకం లేకపోతే ఆ దీవులవాళ్ళు ఏం తింటారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కేప్ వర్దె జాతీయాదాయంలో దాదాపు పావువంతు పర్యాటకానిదే. పికోలో 1987లో చివరి తిమింగలాన్ని చంపారు. ఒకప్పుడు వేట కోసం కొండ అంచున బైనాక్యులర్స్‌తో కాపు కాసిన కొలువే ఇప్పుడు తిమింగలాలు చూపించే పడవలకి జాడ చెప్పడానికి పనికొస్తోంది. ఫోగోలో ఊరు పోయినవాళ్ళు తిరిగొచ్చి గట్టిపడిన లావా మీదే ఇళ్ళు కట్టి అతిథులకి గదులిస్తున్నారు. ఇదంతా మంచిదే, ఇందులో నాకు పేచీ లేదు. అయితే ఈ డబ్బంతా నేల మీద పడుకుని, నేల మీద తిని, అక్కడివాళ్ళకి కూలీ ఇచ్చేవాడి దగ్గర్నుంచి వచ్చింది. పడవలోనే పడక, పడవలోనే వంట పెట్టుకున్నవాడు పెద్ద రేవులో సామాన్లన్నీ నింపుకుని చిన్న దీవిలో ఓ కాఫీ తాగి, తన చెత్త సంచి అక్కడ దింపి పోతాడు. ఏకాంతం కోరి వచ్చాడు కనుక ఊళ్ళోవాళ్ళతో బేరం పెట్టుకోడు. ఎక్కువమంది వస్తే అందరికీ బాగుంటుందంటారా? కానరీల్లో 22 లక్షల జనాభాకి 2024లో కోటీ 70 లక్షల మందికి పైగా టూరిస్టులు వచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 20న అక్కడి జనం వేలాదిగా వీధుల్లోకి వచ్చి, ఇంటద్దెలు కట్టలేకపోతున్నాం, దీవులకీ ఒక హద్దుంటుంది అన్నారు. టూరిస్టుల వల్లే బతుకుతున్నవాళ్ళు అన్న మాట అది.

ఇంకో వాదన సాహసం. దానికి జవాబు మన ఇళ్ళలోనే ఉంది. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి తారిణి అనే చిన్న తెరచాప నావలో ఆరుగురు నౌకాదళ అధికారిణులు భూమి చుట్టి రావడానికి బయల్దేరారు. వాళ్ళలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాద్. కేప్ హార్న్ చుట్టి, ఫాక్‌లాండ్ దీవుల్లో ఆగి, దక్షిణ అట్లాంటిక్ దాటి కేప్‌టౌన్ చేరి, 2018 మే 21న ఇంటికొచ్చారు. చాప చిరిగితే వాళ్ళే కుట్టుకోవాలి, రాత్రి కాపలా వాళ్ళే కాయాలి. ఆ పేర్లు తెలుగువాళ్ళలో ఎంతమందికి గుర్తున్నాయో గానీ, అద్దె పడవ మీద గ్లాసు పట్టుకున్నవాడి రీలు మాత్రం లక్షల మంది చూస్తారు. నీకు కుళ్ళు, డబ్బున్నవాడు ఖర్చు పెడితే నీ సొమ్మేం పోయింది అనేవాళ్ళూ ఉంటారు. సొమ్మేం పోలేదు. కడుపు నిండిన బేరాన్ని తపస్సంటే ఒప్పుకోను, అంతే.

నిజంగా మారుమూలంటే ఏమిటో దక్షిణ అట్లాంటిక్‌లోని త్రిస్తాన్ ద కున్యా దీవివాళ్ళని అడగాలి. 1961లో ఊరి పక్కనే నేల పేలితే అందర్నీ ఇంగ్లండ్ తీసుకుపోయారు. రెండేళ్ళలో దాదాపు అందరూ ఆ నాగరికతని వద్దనుకుని వెనక్కి వచ్చేశారు. ఇప్పటికీ అక్కడ బస చేయాలంటే దీవి కౌన్సిల్ ముందుగా ఒప్పుకోవాలి, బయటివాళ్ళకి నేల అమ్మరు. ఆ దీవివాళ్ళకి వద్దు అనే హక్కుంది. మిగతా దీవులకి ఆ హక్కు లేదు కనుకే వాటి మీద బ్రోషర్లు అచ్చవుతున్నాయి.

అయినా వెళ్ళాలనుంటే వెళ్ళండి, అందమైన దీవులే. తెరచాప, స్కిప్పర్, పుణ్యం అక్కర్లేదు. హోర్తా నుంచి పికోలోని మదలేనాకి రోజూ ఫెర్రీ ఉంది. ఉద్యోగాలకీ ఆస్పత్రికీ అక్కడి జనం అందులోనే తిరుగుతారు. అరగంట ప్రయాణం. టికెట్ కొనుక్కుని వాళ్ళ పక్కన కూచోండి.