అన్నారు, దుయ్యబట్టారు, అక్కసు వెళ్లగక్కారు

తెలుగు దినపత్రికలో అభిప్రాయం సంపాదకీయ పేజీలో ఉంటుందని జర్నలిజం పాఠాల్లో చెబుతారు. వాస్తవానికి అది మొదటి పేజీలోనే, వాక్యం చివర, క్రియాపదంలో ఉంటుంది. తెలుగులో క్రియ చివర్న వస్తుంది కాబట్టి పాఠకుడు కర్తను, కర్మను దాటుకుని అక్కడికి చేరేసరికి నాయకుడు చెప్పింది నిజమో బుకాయింపో తేలిపోతుంది. సంపాదకీయం రాసేవారికి ఇక మిగిలేది నాలుగు సంస్కృత సమాసాలు, ఒక సామెత.

నాయకుడు మైకు ముందు మాట్లాడడం ఒకటే పని. దాన్ని చెప్పడానికి డెస్కులో ఉన్న క్రియలు మాత్రం పుంజాలు తెంపుకుని వస్తాయి. మనవాడనుకున్న నాయకుడు స్పష్టం చేస్తారు, ఉద్ఘాటిస్తారు, భరోసా ఇస్తారు, శ్రేణులకు దిశానిర్దేశం చేస్తారు. ప్రత్యర్థిని తిట్టినప్పుడు నిప్పులు చెరుగుతారు, తూర్పారబడతారు, కడిగిపారేస్తారు. అవతలి పక్షం నాయకుడు అదే స్థాయిలో తిడితే అక్కసు వెళ్లగక్కుతారు, విషం చిమ్ముతారు, నోరు పారేసుకుంటారు. వివరణ ఇస్తే బుకాయిస్తారు. ఏమీ అనకపోతే నీళ్లు నములుతారు. ఏ పక్షానికీ చెందని కలెక్టరుకు, వాతావరణ శాఖకు ‘తెలిపారు’ దక్కుతుంది. ఇక ‘అన్నారు’ అనే మూడక్షరాల క్రియ ఎవరినీ పొగడదు, ఎవరినీ తెగడదు. అందుకే దానికి గిరాకీ లేదు.

ఒక మంత్రి ఏదో ఊళ్లో శంకుస్థాపన చేసి, సంక్రాంతి నాటికి రోడ్డు పూర్తవుతుందని చెప్పారనుకుందాం. అధికార పక్షాన్ని మోసే పత్రికలో ‘సంక్రాంతికి కొత్త రోడ్డు’ అని శీర్షిక వస్తుంది. రోడ్డు అప్పటికే వేసేసినట్టే, పాఠకుడు బండి తీయడమే తరువాయి. ప్రతిపక్షాన్ని మోసే పత్రికలో ‘సంక్రాంతికి రోడ్డట!’ అని వస్తుంది. వామపక్ష పత్రికలో ఆ రోడ్డు కాంట్రాక్టరు కోసమా, ప్రజల కోసమా అన్న ప్రశ్నతో మొదలై, మూడో పేరాకల్లా ప్రపంచబ్యాంకు షరతుల దాకా వెళ్తుంది. మూడూ ఒకే సభకు వెళ్లిన ముగ్గురు విలేకరుల కాపీలే. ముగ్గురూ ఒకే కారులో వెళ్లి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇందులో ‘ట’ అనే ప్రత్యయం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇంట్లో అది విన్నమాటకు తగిలించే నిరపాయమైన అక్షరం: ఫలానా వారమ్మాయికి సంబంధం కుదిరిందట. అదే శీర్షికలోకి వచ్చి పక్కన ఆశ్చర్యార్థకం నిలబెట్టుకుంటే ‘నమ్మేవాళ్లుంటే నమ్మండి’ అని అర్థం. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ‘అబద్ధం చెప్పారు’ అని రాస్తే పరువునష్టం నోటీసు రావచ్చు, ‘ట’ మీద నోటీసు రాయగల న్యాయవాది ఇంకా పుట్టలేదు. దీనికి తోడు తెలుగు వాక్యానికి కర్త ఉండి తీరాలన్న నియమం లేదు. ‘తెలిసింది’, ‘వినికిడి’, ‘ప్రచారం జరుగుతోంది’ అంటే చాలు, ఎవరికి తెలిసిందని ఎవరూ అడగరు. మరీ కర్త కావాలంటే ‘రాజకీయ పరిశీలకులు’ ఉన్నారు. వీరు రోజూ ఏదో ఒకదానికి విస్తుపోతుంటారు. వీరు డెస్కుకూ టీ కొట్టుకూ మధ్య తిరుగాడే జీవులని తెలిసినవారు చెబుతారు. ఆ తెలిసినవారెవరో మళ్లీ తెలియదు.

క్రియ తర్వాత నామకరణం వస్తుంది. దీనికి మంచి ఉదాహరణలు రెండు ఆగస్టులు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినప్పుడు, ఎన్టీఆర్ వెంట నిలిచిన ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించారు. 1995 ఆగస్టులో అదే ఎన్టీఆర్‌ను దించడానికి చంద్రబాబు వైపు చేరిన ఎమ్మెల్యేలను హైదరాబాద్ వైస్రాయ్ హోటల్లో ఉంచారు. బస, భోజనం, కాపలా రెండుచోట్లా ఉన్నాయి. మొదటిది ప్రజాస్వామ్య పరిరక్షణగా చరిత్రకెక్కింది. రెండోదానికి మాత్రం నేటికీ ఒక్క పేరు కుదరలేదు. ఒక వర్గానికి అది వెన్నుపోటు, మరో వర్గానికి పార్టీని కాపాడుకోవడం. దానిపై వ్యాసం రాసిన మనిషి ఏ పత్రికలో జీతం తీసుకుంటున్నాడో తెలుసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు, కింద పేరు చూడనక్కర్లేదు.

ఎమ్మెల్యే పార్టీ మారడం ఇంకా తేలికైన పాఠం. మన పార్టీలోకి వస్తే చేరిక, ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ తీసుకున్న నిర్ణయం, లేదా సొంతగూటికి రాక. మన పార్టీ నుంచి పోతే ఫిరాయింపు, గోడదూకుడు, అమ్ముడుపోవడం. 2014 తర్వాత వైసీపీ నుంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. 2019లో తెలుగుదేశానికి సరిగ్గా 23 సీట్లే రావడంతో ఆ అంకెపై ఒక వర్గం కాలమిస్టులకు ఐదేళ్లకు సరిపడా సరుకు దొరికింది. తెలంగాణలో 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిస్తే గులాబీ కలాలకు అది రాజ్యాంగబద్ధమైన విలీనం. 2024లో పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు నడిస్తే అవే కలాలకు అది ప్రజాస్వామ్యం ఖూనీ. రాజ్యాంగం పదో షెడ్యూలు మాత్రం ఈ ఐదేళ్లలో మారలేదు.

అరెస్టుల విషయంలో తెలుగు పత్రికలు ఒకదాని దగ్గర ఒకటి మాటలు అప్పు తెచ్చుకుంటాయి. 2012 మే 27న జగన్‌ను సీబీఐ అరెస్టు చేసింది. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో చంద్రబాబును సీఐడీ అరెస్టు చేసింది. అక్రమ అరెస్టు, కక్ష సాధింపు, కడిగిన ముత్యంలా బయటికి రావడం — ఈ మూడూ మొదటిసారి ఒక శిబిరంలో ఉండి, పదకొండేళ్ల తర్వాత చెక్కుచెదరకుండా ఎదుటి శిబిరంలోకి వెళ్లాయి. వాటికి బదులుగా ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అన్న వాక్యం ఇటు వచ్చింది. ఈ మాటల మార్పిడిలో తేలేదేమంటే, పత్రికలకు సొంత పదకోశమంటూ లేదు. పదాలన్నీ కుర్చీకి చెందినవి. కుర్చీలో మనవాడు కూర్చుంటే ఒక సెట్టు, దిగితే మరో సెట్టు. అప్పుల సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్ రుణాలు 2024 జూన్‌కు ముందు ఒక వర్గానికి అప్పుల ఊబి, మరో వర్గానికి పేదల సంక్షేమానికి నిధుల సమీకరణ. ఎన్నికల్లో తెలుగుదేశం కూటమి 164 సీట్లు, వైసీపీ 11 సీట్లు గెలిచిన తర్వాత ఊబి అటు, సమీకరణ ఇటు మారాయి. అమరావతికి ‘ప్రజా రాజధాని’ అని, ‘భ్రమరావతి’ అని రెండు పేర్లు. మూడు రాజధానులకు ‘వికేంద్రీకరణ’ అని, ‘మూడు ముక్కలాట’ అని ఇంకో రెండు. ఈ పేర్లలో దేన్నీ వాడకుండా రాజధాని మీద సంపాదకీయం రాయమంటే అనుభవజ్ఞులు కూడా సెలవు పెడతారు.

మొగ్గు చూపడం కొత్త రోగమేమీ కాదు. 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పెట్టిన ఆంధ్రపత్రిక, బందరు నుంచి ముట్నూరి కృష్ణారావు నడిపిన కృష్ణాపత్రిక జాతీయోద్యమం పక్షమేనని బాహాటంగా చెప్పుకున్నాయి. 1952లో విజయవాడలో మొదలైన కమ్యూనిస్టుల దినపత్రిక తన డిమాండునే పేరుగా పెట్టుకుంది: విశాలాంధ్ర. పాఠకుడు పేరు చదివితే పక్షం తెలిసేది, డబ్బులిచ్చి కొనాలా వద్దా అక్కడే తేల్చుకునేవాడు. గోల్కొండ పత్రికది మరీ ముచ్చటైన పద్ధతి. తెలంగాణలో కవులే లేరని ఒకరు అంటే దాని సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి నిప్పులు చెరగలేదు, దుయ్యబట్టలేదు. 354 మంది కవులను పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. విమర్శకుణ్ని కవిత్వంతో పాతిపెట్టడం నేటి డెస్కులకు తెలియని విద్య. అంత ఓపిక ఉన్నా అన్ని పేజీలు ప్రకటనలు లేకుండా వదలరు.

1974లో విశాఖలో ఈనాడు, 2002లో కొత్త యాజమాన్యం కింద తిరిగి తెరుచుకున్న ఆంధ్రజ్యోతి, 2008లో సాక్షి, 2011లో నమస్తే తెలంగాణ — ఇప్పుడు పక్షం పేరులో ఉండదు, రంగులో ఉంటుంది. పసుపు, నీలం, గులాబీ. వైఎస్ రాజశేఖరరెడ్డి ‘ఆ రెండు పత్రికలు’ అంటే పేర్లు చెప్పకపోయినా సభలో అందరికీ అర్థమయ్యేది. ఆయన కుమారుడు జగన్ ఆ జాబితాకు ఒక చానల్‌ను, చంద్రబాబును చేర్చి ‘దుష్టచతుష్టయం’ అన్నారు. తెలుగు రాజకీయాల్లో మహాభారతం ఇంకా బతికి ఉందనడానికి ఇదో దాఖలా. నిష్పాక్షికత మాత్రం అన్ని పత్రికల వార్షికోత్సవ సంచికల్లోనూ క్రమం తప్పకుండా కనిపిస్తుంది.

మాట వంపు తిరిగే చోట సాధారణంగా ఒక ప్రకటన ఉంటుంది. రాష్ట్ర విభజనపై శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డు కవర్లో ఇచ్చింది. మరుసటి ఏడు మార్చిలో హైకోర్టు తీర్పులో కొన్ని భాగాలు బయటికి వచ్చేసరికి, అందులో మీడియాను ఎలా సంభాళించాలో సలహాలు, పత్రికలు సర్కారు ప్రకటనలపై ఆధారపడటం గురించిన ప్రస్తావన కనిపించాయి. ప్రతి జర్నలిస్టుకూ తెలిసిన సంగతిని అంత భద్రంగా సీలు వేయడం ఎందుకన్నదే అర్థంకాలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాలంటీర్లకు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. ఉత్తర్వులో పత్రిక పేరు లేదు, విస్తృత సర్క్యులేషన్ ఉండాలన్నది మాత్రమే ఉంది. అది సాక్షిని ఉద్దేశించిందేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. కర్త లేని వాక్యం రాయడం సచివాలయానికీ వచ్చునని అలా తేలింది.

యాస సంగతి చెప్పకుండా ఈ పాఠం పూర్తికాదు. గ్రాంథికం బలంగా ఉన్న రోజుల్లో తాపీ ధర్మారావు ‘జనవాణి’లో వాడుక భాష రాయడమే పెద్ద సాహసం. ఆ గెలుపు తర్వాత పత్రికల్లో స్థిరపడిన వాడుక భాష కృష్ణా, గుంటూరు జిల్లాల చదువుకున్నవారిది. దానికి ‘ప్రామాణిక భాష’ అని పేరొచ్చింది. తెలంగాణ పలుకుబడి వ్యంగ్య శీర్షికలకూ, సినిమాలో విలన్లకూ మిగిలింది. ఉద్యమం వచ్చాక ‘వేర్పాటువాదం’ అన్నది ఎవరు, ‘ప్రత్యేక రాష్ట్రం’ అన్నది ఎవరు అన్నదే పాఠకుల మొదటి పరీక్ష అయింది. 2014 జూన్ 2 గురించి నేటికీ ఒక పత్రికే రెండు రాష్ట్రాల ఎడిషన్లలో రెండు రకాలుగా రాస్తుంది. హైదరాబాద్ ఎడిషన్‌లో ఆవిర్భావం, విజయవాడ ఎడిషన్‌లో విభజన. ఒకే యజమాని, ఒకే ప్రెస్సు సాఫ్ట్‌వేర్, మధ్యలో కృష్ణానది.

ఇక అసలు అభిప్రాయాల పేజీ. ఇక్కడ వ్యాసం కింద ‘వ్యాసకర్త సామాజిక విశ్లేషకులు’ అని ఉంటుంది. పార్టీ అధికార ప్రతినిధి కూడా ఈ పేజీలోకి రాగానే విశ్లేషకుడవుతాడు, నామినేటెడ్ పదవి వచ్చేవరకు. వ్యాసం సాధారణంగా గ్రీకు తత్త్వవేత్తతో మొదలై, అంబేడ్కర్ మీదుగా, తమ పార్టీ మేనిఫెస్టో దగ్గర దిగుతుంది. మధ్యలో ‘మేధావులు ఎందుకు మౌనంగా ఉన్నారు’ అన్న ప్రశ్న తప్పనిసరి. మౌనంగా లేని మేధావుల వ్యాసాలు పక్క పత్రికలో అచ్చవుతుంటాయి, ఈ పత్రిక చదివేవారు అది చదవరు. యజమానులే సంతకం పెట్టి వారం వారం రాసే పత్రికల్లో ఈ ముసుగు లేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

పేజీ అడుగున లేఖల శీర్షిక ఉంటుంది. పాఠకుడు సంపాదకీయంతో ఏకీభవించడానికి కేటాయించిన జాగా అది. వీధికుక్కలు, దోమలు, ఆగని ఆర్టీసీ బస్సు మీద వచ్చే లేఖలకు మాత్రం పక్షం లేదని చాలాకాలం అనుకున్నారు. అయితే బస్సు ఆగని ఊరు అదే అయినా, లేఖ అచ్చయ్యే పత్రిక ఐదేళ్లకోసారి మారుతోంది. ఈ కిటుకు తెలిసిన పాతకాపు లేఖకులు కార్డు రాసి ఉంచుకుంటారు, చిరునామా ఎన్నికల ఫలితాలు వచ్చాక నింపుతారు.