టక్ మంటే ఒకటి, టకటకమంటే ఇంకొకటి

అబ్బాయ్, కారు స్టార్ట్ కాకపోతే మీ కాలం వాళ్లు చేసే మొదటి పని ఫోన్ తీయడం. బానెట్ ఎత్తరు. ఎత్తే లివర్ ఎక్కడుంటుందో మీలో సగంమందికి తెలీదు. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్లి మూడు వారాలు అరిసెలు తిని వస్తారు. ఇక్కడ సింగపూర్‌లో, పుంగోల్ ప్రభుత్వ ఫ్లాట్ల (హెచ్‌డీబీ) కార్‌పార్క్ ఐదో అంతస్తులో బండి చచ్చి పడి ఉంటుంది. బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డ్ మీది లైట్లన్నీ పెళ్లిపందిట్లో సీరియల్ బల్బుల్లా వెలిగి ఆరిపోతాయి. "ఏదో ఎలక్ట్రికల్ ప్రాబ్లమ్, అంకుల్" అంటారు. ఏదో ఏమిట్రా? ఏదో తేల్చడమే కదా అసలు పని!

మా రోజుల్లో బండి తన రోగం తనే చెప్పేది, వినే ఓపిక ఉండాలంతే. తాళం తిప్పితే టకటకటకమని కొట్టుకుందా, బ్యాటరీ డౌన్. రిలేని లాగే పాటి కరెంటు ఉంది కానీ సెల్ఫ్ మోటారు తిప్పే సత్తా లేదన్నమాట. దానికి వందల ఆంపియర్లు కావాలి మరి. టక్ మని ఒక్కసారే కొట్టి ఊరుకుంది, హెడ్‌లైట్ మాత్రం కాంతి తగ్గకుండా వెలుగుతోంది, అయితే అనుమానం సెల్ఫ్ మీద. ఒకడు తాళం తిప్పుతుంటే ఇంకొకడు స్పానర్‌తో సెల్ఫ్ మీద రెండు తట్లు తడితే, అలిగినవాడు లేచినట్టు లేచేది. అసలు చప్పుడే లేదంటే ఫ్యూజో, ఇగ్నిషన్ స్విచ్చో, ఆటోమేటిక్ బండైతే గేరు సరిగ్గా పార్క్‌లో పడకపోవడమో. ఇంజను బాగానే తిరుగుతూ అందుకోవడం లేదంటే బ్యాటరీని తిట్టకు, స్పార్కో పెట్రోలో చూడు. ఇంతే శాస్త్రం.

విజయవాడలో మా పెదనాన్న గారి అంబాసిడర్‌కి బంపర్ కన్నంలో హ్యాండిల్ దూర్చి తిప్పేవాళ్లం. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగించకూడదు, వెనక్కి తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. ఆ పాఠం ఏ యూట్యూబ్‌లో చెప్పారు? పెదనాన్నే మొట్టికాయ వేసి చెప్పారు. దానికీ లొంగకపోతే వీధిలో నలుగురిని పిలిచి, రెండో గేరులో పెట్టి తోయించి, టక్కున క్లచ్ వదిలేవాళ్లం. తోసినవాళ్లకి టీ. ఇక్కడ ఆటోమేటిక్ బళ్లు తోసినా లేవవు. పోనీ లేచేవే అనుకుందాం, లిఫ్ట్‌లో ఎదురైతే చెవుల్లో ఇయర్‌ఫోన్లతో నేల చూసే మీ బ్లాక్ వాళ్లలో తోసేదెవడు?

ఎక్కడున్నాను... ఆ, బ్యాటరీ. ముందు టెర్మినళ్లు చూడు. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే కరెంటుకి అదే గోడ. వంటసోడా కలిపిన వేణ్ణీళ్లు పోసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, బిగించి, పైన వాజలిన్ రాయి. ఇంజనుకీ బాడీకీ మధ్య ఎర్త్ తీగ ఉంటుంది, అది వదులైతే కొత్త బ్యాటరీ వేసినా దండగే. పది డాలర్ల మీటరు కొని చూసుకో. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12 దగ్గరికి దిగితే ఖాళీ అయినట్టే. ఇంజను నడుస్తున్నప్పుడు దాదాపు 14 రావాలి, రాకపోతే ఆల్టర్నేటర్ సంగతి చూడాలి.

ఈ ఊళ్లో బ్యాటరీలు తొందరగా పోవడమూ వింత కాదు. ఏడాది పొడుగునా ఎండాకాలమే, వేడికి లోపలి ప్లేట్లు తుప్పు పట్టిపోతాయి. పైగా ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే యాభై కిలోమీటర్ల దేశం, అందులో మీరు తిరిగేది టెక్కా మార్కెట్ దాకా గోంగూరకి. స్టార్ట్‌కి ఖర్చయిన కరెంటు తిరిగి నిండేలోపే ఇంటికొచ్చేస్తారు. ఇది చాలదని, ఎవరైనా గీకిపోతారేమోనని బండి ఆపాక కూడా కళ్లు మూయని డ్యాష్‌కామ్ ఒకటి! అది బంపర్‌ని కాపాడుతూ బ్యాటరీని తాగేస్తుంది.

వర్క్‌షాప్‌కి తీసుకెళితే చెవి ఒగ్గి వినేవాడు లేడు. స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చుతాడు, ఇరవై కోడ్‌లు వస్తాయి. వోల్టేజీ పడిపోతే బండిలోని ప్రతి కంప్యూటరూ తన ఫిర్యాదు తను రాసిపెడుతుంది నాయనా! ముందు బ్యాటరీ నిండా చార్జ్ చేయించి, కోడ్‌లు చెరిపి, మళ్లీ ఏవి వస్తాయో చూడమను. అప్పటిదాకా ఏ సెన్సారుకీ డబ్బులివ్వకు. మీ ఎలక్ట్రిక్ బళ్ల గొప్పా చెప్పకు. కింద పరుపంత బ్యాటరీ ఉన్నా, బానెట్ కింది చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిందంటే కొన్నిటికి తలుపు కూడా తెరుచుకోదు.

నిజం చెప్పాలంటే మాకింత వైద్యం ఎందుకు వచ్చిందీ? ముసురు పట్టిన ప్రతి పొద్దునా మా బండి మొరాయించేది కాబట్టి. మీ బళ్లు ఏళ్లతరబడి నోరెత్తకుండా నడుస్తాయి, పదేళ్లు నిండగానే సీఓఈ, అదే కారు ఉంచుకునే పర్మిట్, అయిపోయిందని స్క్రాప్‌కి పంపేస్తారు. 2023లో చిన్న కార్ల సీఓఈయే లక్ష డాలర్లు దాటింది. అంత పోసి కొన్న బండి ఒక్కసారైనా చెడిపోకపోతే మనిషికి విద్య ఎలా అబ్బుతుందంట!

సరే, ముందు ఈ బండిని లేపుదాం, జంపర్ కేబుల్స్ తే. ఎర్రది చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మాత్రం చచ్చిన బండి ఇంజను ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. అక్కడ హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ పడకూడదు. కేబుల్స్ లేవా? అయితే నా డిక్కీలో అరచేతిలో పట్టే జంప్ స్టార్టర్ ఉంది, మా అల్లుడు కొనిచ్చాడు, తెచ్చుకో. అది భలే పనిచేస్తుందని మాత్రం వాడితో అనకు.