‘దీప మొకటి వణఁక’ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. దీప మొకటి వణఁక దీపమే మార్చుము
అన్ని వణఁక మొదట నర్థుఁ జూడు
తుప్పు గీకి బోల్టు తొలుతటి బిగువుతో
నిలుపఁ గుదుటఁ బడును నీదు బండి

అవతారిక: తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వలసవచ్చిన పద్మశాలీలు స్థిరపడిన సోలాపూర్ తూర్పు పేటల్లో, చాదర్లూ టెర్రీ తువ్వాళ్లూ నేసే పవర్‌లూముల చప్పుడు మధ్య, కారు మేస్త్రీ శిష్యుడికి ఉపదేశిస్తున్న ధోరణిలో ఉన్న ఈ ఆటవెలది, డ్యాష్‌బోర్డు దీపాలు మినుకుమినుకుమనే రోగానికి నిదానాన్నీ చికిత్సనూ నాలుగు పాదాల్లో ఇమిడ్చింది. నిదానమంటే ఇక్కడ నెమ్మది కాదు, వైద్యశాస్త్రంలో చెప్పే రోగకారణం.

ప్రతిపదార్థం: దీపము ఒకటి = డ్యాష్‌బోర్డులో ఒకే ఒక బల్బు; వణఁక = మినుకుమంటే; దీపమే = ఆ బల్బునే (దాని హోల్డరు కూడా ఇందులో చేరుతుంది); మార్చుము = తీసి కొత్తది వేయుము; అన్ని వణఁక = బల్బులన్నీ ఒక్కసారే మినుకుమంటే; మొదట = మరి దేన్నీ ముట్టకముందే; అర్థు = బ్యాటరీ మైనస్ నుంచి బండి బాడీకి పోయే మందపాటి తీగను, అది బిగిసిన చోటును; చూడు = పరీక్షించు. తక్కినది స్పష్టం.

పాఠచర్చ: హైదరాబాద్ గ్యారేజీల ఉచ్చారణను అనుసరించి ‘మొదట నెర్తు’ అని చదవాలనే వారుండవచ్చు గాని, ‘అన్ని’లోని అకారానికి ఎకారంతో యతి కుదరదు కాబట్టి ఆ పాఠం నిలవదు. మరాఠీ, హిందీ నోళ్లలో నలిగి ‘అర్థ్’ అయిన రూపమే ఛందస్సుకు సరిపోవడం వల్ల కవి సోలాపూర్ వాడేనని నిశ్చయించవచ్చు. అర్థం లేనిదే శబ్దం వ్యర్థమని ఆలంకారికులు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. అర్థు లేనిదే దీపం వ్యర్థమని ఈయన ఒక్క పాదంలో తేల్చాడు.

విశేషం: కారులో దీపానికి ప్లస్ వైపు తీగ ఉంటుంది, కరెంటు తిరిగివచ్చే దారి చాలావరకు బండి ఇనుప శరీరమే. మగ్గం ఎరిగినవారికి ఇది నాడె నడకగా చెబితే చాలు: నాడె అటు పోవడమే కాదు, ఇటు రావాలి, అప్పుడే పేక సాగుతుంది. తిరిగివచ్చే దారిలో బోల్టు కింద తుప్పు చేరితే ఇనుమూ ఇనుమూ సరిగ్గా తాకవు, గతుకు తగిలినప్పుడల్లా ఆ తాకిడి తెగుతూ కలుస్తూ ఉంటుంది, ఆ దారి దీపాలన్నిటికీ ఉమ్మడిది కాబట్టి అన్నీ కలిసే వణుకుతాయి. పవర్‌లూములో పేక తెగితే మగ్గాన్ని ఆపే ఫోర్కు ఉంది. కారుకు అటువంటిది లేదు, ఈ వణుకే దాని మొర.

మగ్గం మోటారు వేసినప్పుడు ఇంట్లో బల్బు తగ్గడం పేటలో అందరూ చూసేదే గదా, కారుకు మాత్రం చింత దేనికి అని పూర్వపక్షం. మోటారు కదిలే క్షణంలో మామూలు కంటే ఎన్నోరెట్లు కరెంటు లాగుతుంది, ఆ లాగుడుకు పొడవైన వీధి తీగలో వోల్టేజి పడిపోయి మరుక్షణం కోలుకుంటుంది. కారులోనైతే బ్యాటరీకీ దీపానికీ మధ్య దూరం కొన్ని అడుగులే, ఏ మోటారూ వేయకుండానే వణికితే అది రోగమే. కళ్లు అలవాటుపడినందువల్ల మగ్గాల పేటలవారే దీన్ని ఆలస్యంగా గుర్తించే ప్రమాదముంది.

‘మొదట’ అనడం చేత రెండవది కూడా ఉందని ధ్వని. అదే ఆల్టర్నేటరు, అంటే ఇంజను తిరుగుతుండగా కరెంటు పుట్టించే యంత్రం. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ వద్ద సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు నిలకడగా కనిపించాలి. అంకె ఎగిరిపడుతుంటే బెల్టునూ రెగ్యులేటరునూ అనుమానించాలి.

తాత్పర్యం: ఒక్క దీపం మినుకుమంటే దోషం ఆ దీపానిది, అన్నీ మినుకుమంటే దోషం అర్థుది. బోల్టు విప్పి, కింద తుప్పూ రంగూ పోయి ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో గీకి, మునుపటి బిగువుకే బిగించాలి. అంతకు మించితే మర చెడుతుంది. పిమ్మట హెడ్‌లైట్లు వెలిగించి, మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ మైనస్‌కూ రెండో కొన బాడీకీ ఆనిస్తే 0.2 వోల్టులకు మించి చూపకూడదు. కరెంటు పారనప్పుడు ఈ దోషం కనబడదు కాబట్టి లైట్లు ఆర్పి కొలవడం వృథా.

విప్పేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర అనే క్రమం పద్యంలో చెప్పలేదు. స్పానరు ప్లస్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పు రేగుతుంది గనుక, చదువరులు దీన్ని మూలంలో భాగంగానే భావించవలెను.