అయిదు దినాల బేల్దారి

మా కాలంలో బేల్దారి పని నేర్చుకునేదానికి ఫారం లేదు, ఫోటో లేదు. మాలు తట్టలు మోసుకుంటా తిరుగుతా ఉంటే ఎప్పుడో ఒకనాడు మేస్త్రీకి బుద్ధి పుట్టి తాపీ చేతికిచ్చేవాడు. అదీ ఎవరికీ కనపడని పెరటి గోడకాడ. వీధి గోడ ముట్టుకోవాలంటే ఏండ్లు పట్టేది.

ఇప్పుడో! 2023లో కేంద్రం పీఎం విశ్వకర్మ అని ఒక పథకం తెచ్చింది. 18 చేతిపనుల్లో మనదీ చేర్చినారు. అయిదు నుంచి ఏడు దినాలు నేర్పుతారంట. దినానికి 500 రూపాయలు, పనిముట్లకు 15,000. నేర్చుకునేటోనికే కూలి! మాకు సంగటి ముద్ద దొరికితే ఆ పూట పండగే. పల్లెల్లో ఆవాస్ యోజన ఇండ్ల కింద ఇంకొకటి ఉంది, 45 దినాలది. అది మేలు. నిజం ఇల్లు కట్టిస్తానే నేర్పుతారు, ఎండలో నిలబెడతారు.

సరే, నేర్పేది ఏంది? సిమెంటు, ఇనుము, కాంక్రీటు. కర్నూలు, కడప పల్లెల్లో మిద్దె వేసేది ఎవరు నేర్పాల? రెండు మూడడుగుల మందాన రాతిగోడ, పైన దూలాలు, దంతెలు, వాటి మీద నాపరాళ్లో కట్టెలో పరిచి, బోదగడ్డి వేసి, మన్ను తొక్కి, ఆ పైన చవుడు. వాన తగిలితే చవుడు బిగుసుకుని చుక్క దిగనియ్యదు. తొలకరికి ముందే ఏటేటా కొత్త చవుడు పోయాల. వెలుతురుకు నడిమధ్యన గవాక్షి. మే నెల ఎండకు బయట కాకులు నోళ్లు తెరుస్తా ఉంటే లోపల దుప్పటి కప్పుకోవచ్చు. సున్నం గానుగలో ఎద్దులు తిరిగేవి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లం. ఇప్పుడు బేతంచెర్ల రాళ్ల మధ్య పుట్టినోడు కూడా స్లాబే కావాలంటాడు, దాని కింద పడుకోలేక ఏసీ పెట్టుకుంటాడు.

అట్లని మా మేస్త్రీలు ధర్మాత్ములని చెప్పను. తూకం గుండు ఎట్ల పట్టాలో అడిగితే మట్టపలకతో వీపు మీద ఒకటి వేసి "చూసి నేర్చుకో" అనేవాళ్లు. సున్నం పాళ్లు పెండ్లాముకు కూడా చెప్పేవాళ్లు కాదు. ఇంక ఆడోళ్లయితే ముసలయ్యేదాకా తట్టలే మోసినారు, తాపీ ఒక్కరికీ ఇయ్యలేదు. శిక్షణలో వాళ్లనూ కూచోబెడితే అంతకంటే ఏం కావాల? రాయచోటి, రాజంపేట దిక్కున కువైట్ పోయే పిల్లోళ్లకు పని నేర్చినట్టు కాగితం చేతిలో ఉంటే మంచిదే. నేను కాగితాన్ని తిట్టడంలా. కాగితం రాసిచ్చేదానికి మా మాదిరి ముసలోళ్లను పిలిచి, దినానికి 500 మాకూ ఇస్తే చవుడు పోసేది చూపిస్తాం కదా అంటున్నా.

ఇంకో తిరకాసు ఉంది. విశ్వకర్మ కుటుంబానికి ఒక్కరికేనంట. కుటుంబం అంటే మొగుడు, పెండ్లాం, పెండ్లి కాని పిల్లలు. నాయన రాసుకుంటే కొడుకు ఆగాల. కొడుకు రాసుకోవాలంటే ముందు వాడికి పెండ్లి చెయ్యాల. మా రోజుల్లో పని వచ్చినాకే పిల్లనిచ్చేవాళ్లు.