స్టూడియోలో తీరం దాటిన తుపాను

2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపాను గుజరాత్ తీరం దాటింది. అంతకన్నా భీకరంగా ఓ హిందీ ఛానల్ స్టూడియోలో దాటింది. ఏసీ గదిలో యాంకరమ్మ గొడుగు పట్టుకుని ఊగిపోయారు. స్టూడియో నేల మాత్రం తడవలేదు. మన తెలుగు ఛానళ్లూ తక్కువ తినలేదు. వాతావరణ శాఖ నిచ్చెనలో అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం అని మెట్లున్నాయి. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేగానీ తుపాను పేరు దక్కదు. ఛానళ్లకు మెట్లెక్కే ఓపిక లేదు, అల్పపీడనం పుట్టగానే లిఫ్టెక్కి ‘మహాప్రళయం’ దగ్గర దిగుతాయి. 2021 డిసెంబరులో జవాద్ తుపాను సముద్రంలోనే నీరసించి, వాయుగుండమై పూరీ వైపు పోయింది. శాఖ బులెటిన్ మార్చుకుంది. స్క్రోలింగులు నీరసించడం మాత్రం ఎవరూ చూడలేదు.

భయపెడితేనే జనం కదులుతారు కదా అంటారు. 1977 తుపానులో దివిసీమలో వేలమంది పోయింది భయం చాలక కాదు, హెచ్చరిక ఊరూరికీ చేరక. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటుతుందని శాఖ ముందే చెప్పింది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత గాలి అని తెలిసింది కాబట్టే లక్షమందికి పైగా జనాన్ని తరలించగలిగారు. ప్రాణాలు కాపాడింది అంకెలు, ఆర్తనాదాలు కాదు. అంకెలకు రేటింగ్ రాదంటారా? నిజమే. కానీ ప్రతి చినుకుకూ ‘నాన్నా పులి’ అని అరిస్తే, నిజంగా పులొచ్చిన రోజున జనం రిమోట్ నొక్కి సీరియల్ పెట్టుకుంటారు. అప్పుడు ఆ రేటింగూ పోతుంది!